కచేరీ లేని రోజున

మా గోదావరి వైపు ఆషాఢమొస్తే సన్నాయి మేళాలకు పని ఉండదు. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలవలు నిండుగా పారుతుంటాయి. నా చిన్నతనంలో మా వీధి చివర ఉండే సన్నాయి విద్వాంసుడు ఆ నెల్లాళ్లూ గాలం పట్టుకుని లాకుల దగ్గర కూర్చునేవాడు. పెళ్లి పందిట్లో జనం ఆహా ఓహో అన్నా ముఖం చిట్లించుకునే ఉండే మనిషి, ఇక్కడ బెండు ఒక్కసారి బుడుంగుమంటే చాలు, పసివాడిలా కేక పెట్టేవాడు. ఏ రోజు ఎన్ని జెల్లలు పడ్డాయో ఇంటింటికీ చెప్పుకునేవాడు. ఎన్ని పెళ్లిళ్లకు వాయించాడో చెప్పగా మాత్రం ఒక్కనాడూ వినలేదు.

పేరు మోసిన సంగీతకారుల సరదాలను గురించి చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. పాట గురించి అడిగితే పొడిపొడిగా జవాబిచ్చే మహానుభావులు రైలు బొమ్మలనో పుట్టగొడుగులనో కదిపితే గంటలకొద్దీ మాట్లాడతారు. వాళ్లలో కొందరికి నేనే బిరుదులు పంచుతున్నాను. బిరుదులు నావి, వివరాలు లోకం ఎరిగినవి.

అన్నిటికన్నా పెద్ద ఆటబొమ్మ

ఈ బిరుదు మారుమాట లేకుండా రాడ్ స్టూవర్ట్‌ది. బొంగురు గొంతుతో అర్ధ శతాబ్దానికి పైగా పాడుతున్న ఈ బ్రిటిష్ గాయకుడు లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంటి మూడో అంతస్తులో ఒక ఊరు కట్టాడు. పొడవు 124 అడుగులు, వెడల్పు 23 అడుగులు. మన రైలు పెట్టెలు ఒకటిన్నర వరసగా నిలబెడితే ఎంతవుతుందో అంతకన్నా కాస్త ఎక్కువే. 1940ల నాటి అమెరికా నగరం అది. ఆకాశానికెగబాకిన మేడలు, గిడ్డంగులు, వంతెనలు, ఫ్యాక్టరీ గొట్టాలు, వాటి మధ్య నుంచి పరుగెత్తే రైళ్లు. అంతా అసలుకు 87వ వంతు కొలతలో. ఆరడుగుల మనిషి అక్కడ రెండు సెంటీమీటర్లుంటాడన్నమాట. ఆ ఊరికి గ్రాండ్ స్ట్రీట్ అండ్ త్రీ రివర్స్ సిటీ అని పేరు కూడా పెట్టుకున్నాడు.

దీన్ని కట్టడానికి ఆయనకు రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. మధ్యలో పాటల ఆల్బమ్‌లు ఆగలేదు, దేశదేశాల పర్యటనలు ఆగలేదు. మరి పని ఎప్పుడు చేశాడు? పర్యటనల్లోనే. హోటల్లో తనకు గది తీసుకుంటే, పక్కన ఇంకో గది ఈ పనికి తీసుకునేవాడు. అందులోంచి మంచాలు తీయించి, రంగుల వాసన పోవడానికి ఫ్యాన్లు పెట్టించేవాడు. సాయంత్రం వేలమంది ముందు పాడాల్సిన మనిషి పగలంతా చిన్న కుంచె పట్టుకుని ఒక ఇటుక గోడకు మసి పూసేవాడు.

ఆ మసి దగ్గర కాసేపు ఆగాలి. కొత్తగా మెరిసే ఊరు ఆయనకు పనికిరాదు. కాలిబాటకు ముందు సిమెంటు రంగు వేస్తాడు. ఆ తర్వాత పక్కనున్న కాలవలో కాస్త చెత్త, అక్కడక్కడ కాస్త తుప్పు చేరుస్తాడు. ఏళ్ల తరబడి జనం నడిచి నడిచి అరిగిన బాట ఎలా ఉంటుందో అలా వచ్చేదాకా వదలడు. మన పురపాలక సంఘాలు ఈ పని ఉచితంగానే చేసిపెడతాయి గానీ, రాడ్ స్టూవర్ట్‌కు అది ఏళ్ల తపస్సు.

2019లో ఒక బ్రిటిష్ రైలు బొమ్మల పత్రిక ఆ ఊరి ఫొటోలు వేసింది. దాని మీద బీబీసీ రేడియోలో చర్చ జరుగుతుంటే వ్యాఖ్యాత, ఇదంతా ఆయన సొంతంగా చేసి ఉండడులే అన్న ధోరణిలో మాట్లాడాడు. ఇంట్లో కూర్చుని వింటున్న రాడ్ స్టూవర్ట్ స్వయంగా ఫోన్ చేశాడు. నూటికి తొంభై పాళ్లు తన చేతి పనేననీ, కరెంటు పని ఒక్కటే చేతకాక వేరేవాళ్లతో చేయించుకున్నాననీ తేల్చి చెప్పాడు. ఆయన పాటల మీద విమర్శకులు నానా మాటలూ అన్నారు. దేనికీ ఆయన ఇలా ఉలిక్కిపడి ఫోన్ తీసినట్టు నేను చదవలేదు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. కుర్రతనంలో ఆయన తండ్రిని అడిగింది రైలు స్టేషన్ బొమ్మ. తండ్రి గిటార్ తెచ్చిచ్చాడు. ఆ స్టేషన్ బాకీని కొడుకు తర్వాత తనే తీర్చుకున్నాడు, వడ్డీతో సహా.

ఎర్ర మీట

రైళ్ల పిచ్చిలో రాడ్ స్టూవర్ట్‌కు దగ్గర చుట్టం కెనడా గాయకుడు నీల్ యంగ్. కానీ ఆయన కథ వేరు. కొడుకు బెన్ సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. మాట లేదు, కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండవు. తండ్రీ కొడుకులు కలిసి ఆడుకోవడానికి రైలు బొమ్మలున్నాయి గానీ వాటిని నడిపే చిన్న చిన్న మరలు బెన్ తిప్పలేడు. నీల్ యంగ్ ఇంజనీర్లను వెంటబెట్టుకుని, ఒక్క పెద్ద ఎర్ర మీట నొక్కితే రైలు కదిలేలా, ఆగేలా ఏర్పాటు చేయించాడు. ఆ సరదా అంతటితో ఆగలేదు. లయొనెల్ అని అమెరికాలో పిల్లలందరికీ తెలిసిన రైలు బొమ్మల కంపెనీ ఉంది. 1995లో దాన్ని కొన్నవాళ్లలో నీల్ యంగ్ ఒకడు. బొమ్మ రైళ్లను దూరం నుంచి నడిపే పద్ధతుల మీద ఆయన పేరుతో పేటెంట్లు కూడా ఉన్నాయి. గాయకుల పేరిట పేటెంట్లుండటం అరుదు. కొడుకు చేతికి అందడం కోసం తెచ్చుకున్నవి ఇంకా అరుదు.

ఇంజను నంబరు తప్పు చెప్పిన అల్లుడు

బొమ్మ రైళ్లు సరే. అసలు రైళ్ల వెంట పడ్డవాడు చెక్ స్వరకర్త ఆంతొనిన్ ద్వోర్జాక్. 1841లో పుట్టిన ఆయన చిన్నతనంలోనే సొంత ఊరి మీదుగా రైలు మార్గం పడింది. అప్పుడు పట్టుకున్న పిచ్చి చివరిదాకా వదల్లేదు. ప్రాగ్‌లో ఉండగా రోజూ స్టేషన్‌కు వెళ్లి నిలబడేవాడు. ఏ బండి ఎన్నింటికి వస్తుంది, ఏ ఇంజను దాన్ని లాగుతుంది, డ్రైవరు ఎవరు, అన్నీ కంఠస్థం. లోకమంతా తన సింఫనీలను మెచ్చుకుంటుంటే, రైలింజను కనిపెట్టిన ఘనత దక్కితే అవన్నీ ఇచ్చేస్తానని అనేవాడట.

ఒకరోజు పాఠాలు చెప్పే పనిలో చిక్కుకుని, స్టేషన్‌కు వెళ్లి ఫలానా బండి ఇంజను నంబరు చూసి రమ్మని తన శిష్యుడు యోసెఫ్ సుక్‌ను పంపాడు. ఆ కుర్రాడు ఆయన కూతుర్ని చేసుకోబోయేవాడు కూడా. వెళ్లాడు, చూశాడు, నంబరు రాసుకొచ్చాడు. తీరా చూస్తే అది ఇంజను నంబరు కాదు, దాని వెనక బొగ్గూ నీళ్లూ మోసే పెట్టె నంబరు. మామగారు కూతురి వైపు తిరిగి, ఇలాంటివాడినా నువ్వు చేసుకునేది అన్నాడని చెప్పుకుంటారు. పెళ్లి మాత్రం ఆగలేదు, 1898లో జరిగింది. మనవైపు పెళ్లికొడుకులకు జీతమెంతో, సొంతిల్లుందో లేదో అడుగుతారు. ఇంజనుకూ వెనక పెట్టెకూ తేడా అడిగిన మామగారు ఈయనొక్కడే అయ్యుంటాడు.

1892లో ద్వోర్జాక్ న్యూయార్క్‌లో సంగీత కళాశాల నడపడానికి వెళ్లాడు. అక్కడ టికెట్ లేనివాళ్లను ప్లాట్‌ఫాం మీదకు రానివ్వరు. దాంతో ఊరి చివరిదాకా వెళ్లి, దూరం నుంచి బండ్లు పోతుంటే చూసి వచ్చేవాడు. అది సరిపోక ఓడల మీద పడ్డాడు. రేవుకు పోయి ఏ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో లెక్కలు రాసుకోవడం మొదలెట్టాడు. కొత్త ప్రపంచం పేరున్న ఆయన ప్రసిద్ధ సింఫనీ ఆ రోజుల్లోనిదే, 1893 నాటిది. సెంట్రల్ పార్కులో పావురాలను చూస్తూ గడపడమూ ఉండేది. స్వదేశంలో పల్లెటూరి ఇంట్లో ఆయనకు సొంత పావురాలే ఉండేవి.

తన బ్యాండును తనే మోసుకెళ్లినవాడు

2008 ఫిబ్రవరి 1న ముంబయిలో ఐరన్ మైడెన్ అనే బ్రిటిష్ హెవీ మెటల్ బృందం కచేరీ చేసింది. ఆ ప్రపంచ పర్యటనకు అదే మొదటి మజిలీ. బృందం, సిబ్బంది, 12 టన్నుల సామాను, అన్నీ ఒకే బోయింగ్ 757 విమానంలో వచ్చాయి. కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్ ఎవరంటే బృందంలో ప్రధాన గాయకుడు బ్రూస్ డికిన్సనే. సరదాకి నేర్చుకున్న విమానం ఆయనకు రెండో ఉద్యోగమైంది. ఒక విమానయాన సంస్థలో కెప్టెన్‌గా మామూలు ప్రయాణికులను కూడా మోశాడు. 2016 పర్యటనకు ఏకంగా బోయింగ్ 747 నడిపాడు. కత్తిసాములో ఒకప్పుడు బ్రిటన్ ర్యాంకుల్లో ఏడో స్థానంలో ఉన్నాడు. సాయంత్రం గొంతు చించుకుని పాడి, మర్నాడు బృందాన్ని ఖండాలు దాటించే మనిషికి ఇంకేం బిరుదివ్వాలో తోచలేదు.

వేగం మాటకొస్తే మన భీమ్‌సేన్ జోషిని దాటిపోలేం. ఆయనకు కార్లంటే ప్రాణం. కచేరీ ఊరు ఎంత దూరమైనా తనే స్టీరింగ్ పట్టుకునేవాడు. రాత్రి పాడటం, తెల్లవారేసరికి మరో ఊరి దారిలో ఉండటం. తంబురాలు వెనక సీట్లో, గాయకుడు ముందు సీట్లో. విమానాల్లో కూడా అంతే విరివిగా తిరిగేవాడు గనక మరాఠీ హాస్య రచయిత పు.ల. దేశ్‌పాండే ఆయన్ను హవాయి గంధర్వుడన్నాడు. ఆయన గురువు బిరుదు సవాయి గంధర్వ. ఒక్క అక్షరం మార్చి శిష్యుడిని గాల్లోకి ఎక్కించేశాడు.

ఇక కారు బేరంలో అందరికన్నా లాభపడ్డవాడు పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్. 1970ల చివర్లో 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి సుమారు 37 వేల పౌండ్లకు కొన్నాడు. అప్పుడది పాత కారు. అలాంటివి ప్రపంచం మొత్తం మీద నలభై లోపే ఉన్నాయి. 2018లో వాటిలో ఒకటి వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. మేసన్ తన కారును అద్దాల పెట్టెలో పెట్టలేదు, పందేల్లో తిప్పాడు. వేరే కార్లతో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల పందెంలో ఐదుసార్లు పాల్గొన్నాడు. డ్రమ్మర్‌కు కాలు నిలవదంటారు, నిజమే కాబోలు.

అరవై నాలుగు గళ్లలో

చదరంగానికీ సంగీతానికీ ఉన్న చుట్టరికం పాతది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సువా ఆంద్రే ఫిలిడోర్ ఫ్రెంచి రాజాస్థానపు సంగీత కుటుంబంలో పుట్టి, ప్యారిస్‌లో ఆడిన ఎన్నో ఒపేరాలకు సంగీతం కట్టాడు. ఇవాళ ఆ ఒపేరాలను తలచేవాళ్లు తక్కువ. కానీ చదరంగం నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ ఏదో ఒకనాడు ఫిలిడోర్ డిఫెన్స్ అనే ఎత్తు ఎదురవుతుంది. 1749లో ఆయన అచ్చేసిన చదరంగ గ్రంథం ఆటలో బంట్ల విలువ లోకానికి చెప్పింది. బల్ల వంక చూడకుండా ఒకేసారి ముగ్గురితో ఆడి లండన్‌లో జనాన్ని నోళ్లు తెరిపించాడు.

రష్యా స్వరకర్త ప్రొకోఫియేవ్‌కు ఇరవై మూడేళ్ల వయసులో, 1914లో, కపబ్లాంకాతో ఆడే అవకాశమొచ్చింది. ఆ క్యూబా వీరుడు ఆ రోజుల్లో పీటర్స్‌బర్గ్‌లో ఒకేసారి చాలామందితో ఆడుతున్నాడు. ప్రొకోఫియేవ్ ఓడాడు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ ఓడాడు. మూడోసారి గెలిచాడు. కపబ్లాంకా తర్వాత ప్రపంచ విజేత అయ్యాడు గనక ఈ గెలుపు ప్రొకోఫియేవ్‌కు జీవితమంతా చెప్పుకునే కథ అయింది. 1937లో మాస్కోలో వయొలిన్ విద్వాంసుడు డేవిడ్ ఓయిస్త్రాఖ్‌తో ఆయన పందెం కట్టి ఆడాడు. షరతేమిటంటే, ఓడినవాడు కళాకారుల క్లబ్బులో కచేరీ చెయ్యాలి. ఓడితే వాయించడం శిక్ష అన్నమాట! సంగీతకారులు తమ పనిని ఏమనుకుంటారో ఇంతకన్నా బాగా ఇంకెవరు చెప్పగలరు.

ఘోరంగా ఓడిన బిరుదు మార్క్ తైమనోవ్‌ది. పాపం, ఆయనకు ఇవ్వక తప్పదు. ఆయన సోవియట్ గ్రాండ్‌మాస్టర్, భార్యతో కలిసి జంటగా వాయించే పియానో విద్వాంసుడు కూడా. చిన్నప్పుడు ఒక సోవియట్ సినిమాలో బాల వయొలిన్ కళాకారుడిగా నటించాడు. 1971లో వాంకూవర్‌లో బాబీ ఫిషర్‌తో ఆడి 6-0 తేడాతో ఓడాడు. అంత పెద్ద స్థాయిలో ఒక్క డ్రా కూడా లేకుండా ఓడటం అప్పట్లో ఊహకందని సంగతి. ఇంటికి తిరిగొస్తుంటే కస్టమ్స్ వాళ్లు సామాను వెతికారు. అందులో నిషిద్ధ రచయిత సోల్జెనిత్సిన్ పుస్తకం దొరికింది. ఆరు ఆటలు ఓడకపోయుంటే ఆ సూట్‌కేసు ఎవరూ తెరిచేవారు కారని అందరికీ తెలుసు. బిరుదులు ఊడబీకారు, విదేశీ ప్రయాణాలు బంద్. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 20వ శతాబ్దపు మహా పియానో విద్వాంసులంటూ ఫిలిప్స్ కంపెనీ వేసిన రికార్డుల వరసలో ఆ దంపతులకు చోటు దొరికింది. గ్రాండ్‌మాస్టర్లలో అలాంటి చోటు దక్కినవాడు ఆయనొక్కడే.

అన్నిటికన్నా గిట్టుబాటైన సరదా

జాన్ కేజ్ పేరు వినగానే సంగీత విద్యార్థులు నవ్వుతారు. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లపాటు ఏమీ వాయించకుండా కూర్చునే రచన చేసిన అమెరికన్ స్వరకర్త ఆయన. అది 1952 నాటి మాట. ఆ మౌనం వల్ల ఆయనకు పేరొచ్చింది గానీ డబ్బు రాలేదు. డబ్బు తెచ్చినవి పుట్టగొడుగులు.

అడవుల్లో తిరిగి పుట్టగొడుగులు ఏరడం, పేర్లు గుర్తుపట్టడం, వండుకుని తినడం కేజ్‌కు తగని వ్యసనం. 1959లో ఇటలీ టెలివిజన్‌లో దేశమంతా పనులు మానుకుని చూసే ఒక ప్రశ్నల పోటీ ఉండేది. వదులుకుంటావా, రెట్టింపు చేస్తావా అన్న పద్ధతి. మన కోట్ల రూపాయల ప్రశ్నల పోటీకి తాతలాంటిది. కేజ్ అందులో తన విషయంగా పుట్టగొడుగులను ఎంచుకున్నాడు. వారం వారం గెలుస్తూ పోయాడు. మధ్యలో జనానికి వినోదంగా తన సంగీతం కూడా వినిపించాడు. స్నానాల తొట్టె, ప్రెషర్ కుక్కర్, మంచు ముక్కలు, రేడియోలు, పూలకుండీ, ఇవే వాయిద్యాలు. ఇటలీ జనం ఏమనుకున్నారో గానీ పోటీకి రమ్మనడం మాత్రం మానలేదు.

ఆఖరి ప్రశ్న గడ్డుది. ఒక పేరున్న గ్రంథంలో వర్ణించిన, తెల్ల బీజరేణువులుండే పుట్టగొడుగు తెగలన్నిటి పేర్లూ చెప్పాలి. మొత్తం 24. కేజ్ అద్దాల గదిలో నిలబడి అక్షరక్రమంలో ఒక్కొక్కటే అప్పజెప్పాడు. మనవైపు పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు. యాభై లక్షల లీరాలు చేతికొచ్చాయి. ఆ సొమ్ముతో తన మిత్రుడి నృత్య బృందం ఊళ్లు తిరగడానికి ఒక వోక్స్‌వ్యాగన్ వ్యాను కొన్నాడు. 1962లో మిత్రులతో కలిసి న్యూయార్క్ పుట్టగొడుగుల సంఘం పెట్టాడు. ఇంత తెలిసిన మనిషీ ఒకసారి అడవి ఆకుకూర అనుకుని విషపు మొక్క వండి, అతిథులకు పెట్టి, తనూ తిని ఆసుపత్రి పాలయ్యాడు. పుట్టగొడుగుల్లో పండితుడు ఆకుల్లో తప్పాడు.

సరదా వృత్తిని మింగేస్తే

విలియం హెర్షెల్ జర్మనీలో సైనిక బ్యాండులో వాయించినవాడు. ఇంగ్లండ్‌కు వలస వెళ్లి బాత్ పట్టణంలో చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, పాఠాలు చెప్పేవాడు, 24 సింఫనీలు రాశాడు. ముప్పై దాటాక నక్షత్రాల పిచ్చి పట్టింది. దూరదర్శిని కొందామంటే పెద్దవి అందే ధర కాదు. సొంతంగా చేసుకోవడం మొదలెట్టాడు. రాగీ తగరమూ కరిగించి పోత పోసి ఆ బిళ్లను అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. రుద్దుతుండగా చెయ్యి తీస్తే పని చెడుతుంది. ఒక్కోసారి ఏకబిగిన 16 గంటలు రుద్దేవాడు. చెల్లెలు కెరొలిన్ పక్కన కూర్చుని ముద్దలు నోట్లో పెట్టేది, విసుగు పుట్టకుండా అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేది. ఒకసారి గుర్రపు పేడ కలిపి చేసిన అచ్చు పగిలి, కరిగిన లోహం గచ్చు మీద పారింది. వేడికి రాళ్లు పేలి ఎగిరాయి. వంటింట్లోనే ఫౌండ్రీ పెట్టినట్టయింది.

1781 మార్చి 13 రాత్రి పెరట్లోంచి చూస్తూ ఒక వింత చుక్కను కనిపెట్టాడు. తోకచుక్క అనుకున్నాడు. అది యురేనస్ గ్రహం. మానవ చరిత్రలో దూరదర్శినితో కనిపెట్టిన మొదటి గ్రహాన్ని పట్టుకున్నది ఒక సంగీతం మాస్టారు. రాజుగారు ఏడాదికి 200 పౌండ్లు కట్టి ఖగోళ పనికి పెట్టుకున్నాడు. సంగీతం అక్కడితో సరి. అన్న కచేరీల్లో ప్రధాన గాయని అయిన కెరొలిన్ కూడా పాట వదిలి దూరదర్శిని పట్టింది. 1786లో తొలి తోకచుక్కను కనిపెట్టింది. మొత్తం ఎనిమిది ఆమె లెక్కలోవి. ఆమె పాట మానేసింది తన ఇష్టంతోనా, అన్న ఇష్టంతోనా అన్నది నాకెప్పుడూ గుచ్చుకునే సంగతి.

ఆకాశం మీద మనసు పడ్డవాళ్లలో ఆలస్యానికి బిరుదు క్వీన్ బృందపు గిటారిస్టు బ్రయాన్ మేది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. సూర్యుడి చుట్టూ పరుచుకున్న ధూళి ఏ వేగంతో కదులుతోందన్నది విషయం. ఇంతలో క్వీన్ పాటలు ఊపందుకున్నాయి, 1974లో పరిశోధన అటకెక్కింది. ముప్పై ఏళ్లు పైబడ్డాక ఆ కాగితాలు దులిపి, మధ్యలో వచ్చిన పరిశోధనలన్నీ చదివి, 2007లో పట్టా పుచ్చుకున్నాడు. ధూళి గురించిన పరిశోధన గనక ధూళి పట్టినా చెడలేదు. ఆయన పేరుతో ఒక గ్రహశకలం కూడా తిరుగుతోంది, నంబరు 52665. చదువు మధ్యలో మానేసిన మన ఇళ్లలోని గిటార్ కుర్రాళ్లు తండ్రులకు చూపించుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఏది వృత్తి, ఏది వ్యాపకం?

రష్యాలో బరదీన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడుండేవాడు. ఆల్డాల్ చర్య మీద తొలినాళ్లలో పనిచేసినవాళ్లలో ఒకడు. స్త్రీలకు వైద్య విద్య కోసం పాటుపడినవాడు. తనను తాను ఆదివారం స్వరకర్తనని చెప్పుకునేవాడు. జబ్బు చేసి కాలేజీకి వెళ్లలేనప్పుడే సంగీతం రాసేవాడు గనక, స్నేహితులు నీ ఆరోగ్యం బాగుండకూడదని దీవించేవారట. ప్రిన్స్ ఇగోర్ ఒపేరాను పదిహేడు పద్దెనిమిదేళ్లు సాగదీసి, పూర్తి చెయ్యకుండానే 1887లో పోయాడు. స్నేహితులు దాన్ని ముగించారు. ఇవాళ ఆ ఒపేరా ద్వారానే లోకానికి ఆయన తెలుసు.

ఈ కథ చదివిన తెలుగువాడికి వెంటనే తట్టే పేరు డాక్టర్ శ్రీపాద పినాకపాణి. 1913లో పుట్టి, 2013 దాకా మన మధ్య ఉన్నాడు. వృత్తి వైద్యం. కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసర్. పగలు వార్డుల్లో రోగుల నాడి, తక్కిన వేళ శిష్యులకు తాళం. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, ఒక తరం తెలుగు గాత్ర విద్వాంసులు ఆయన పాఠంలోంచి వచ్చినవాళ్లే. వందలాది కృతులను స్వరపరచి రాసిన సంగీత సౌరభం సంపుటాలను తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసింది. 1983లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదిచ్చింది, మర్నాడే పద్మభూషణ్ అన్నట్టు 1984లో అదీ వచ్చింది. ఆయనకు సంగీతం వ్యాపకం అందామంటే నోరు రాదు. వైద్యం వ్యాపకం అందామంటే కర్నూలు రోగులు ఊరుకోరు.

విజయనగరంలో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుది ఇంకో దారి. గజ్జె కట్టి రాత్రంతా కథ చెప్పే మనిషికి భాషల పిచ్చి. పారసీకం నేర్చి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలం నుంచి సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చాడు. ఆ రోజుల్లో తెలుగు కవులు చాలామంది ఖయ్యాంను ఇంగ్లీషు అనువాదం ద్వారానే ఎరుగుదురు. ఆ అనువాదం మూలానికి ఎంత దూరం జరిగిందో పక్కపక్కన పెట్టి చూపాలన్నది దాసుగారి పట్టుదల.

చిన్నా చితకా

మోత్సార్ట్ 1784 మే 27న ఒక పిట్టను కొని ఖర్చుల పుస్తకంలో రాసుకున్నాడు. ధర 34 క్రోయిట్సర్లు. మన గోరింకకు దగ్గర చుట్టం. ఆ పిట్ట ఆయన కొత్త పియానో కచేరీ రచనలోని వరసనే పాడింది, ఒకటి రెండు స్వరాలు తప్పుగా. ఆ తప్పు వరసను కూడా స్వరం రాసి, పక్కన చాలా అందంగా ఉందని రాసుకున్నాడు. మూడేళ్లకు పిట్ట చనిపోతే ఊరేగింపుగా తీసుకెళ్లి పూడ్చి, దాని మీద పద్యం కూడా రాశాడు. అంతకు వారం ముందే తండ్రి పోయాడు.

వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ 1952లో బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగార్‌ను కలిశాడు. ఐదే నిమిషాల టైమిచ్చాడు. శవాసనంలో పడుకోబెడితే హాయిగా నిద్రపోయాడు. తర్వాత గురువును స్విట్జర్లాండ్ పిలిపించుకుని, నా ఉత్తమ వయొలిన్ గురువుకని చెక్కించిన గడియారం బహూకరించాడు. 1982లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ నూరేళ్ల పండగలో శీర్షాసనం వేసి, బేతోవెన్ ఐదో సింఫనీ మొదలును కాళ్లతో నడిపించాడు.

వాద్యబృంద నిర్వాహకుడు జుబిన్ మెహతా ఏ దేశం వెళ్లినా జేబులో చిన్న డబ్బీ ఉంటుంది. అందులో ఇంట్లో పండించిన మిరపకాయలు. గుంటూరువాళ్లు ఆయనకు సన్మానం చేశారో లేదో గానీ చెయ్యాల్సిన మాట నిజం.

1983లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్పు తెస్తే, క్రికెట్ బోర్డు దగ్గర బహుమానానికి డబ్బు లేదు. క్రికెట్ అంటే చెవి కోసుకునే లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేసింది. ఆ సొమ్ముతో ఆటగాళ్లకు తలా లక్ష రూపాయలు ముట్టాయి. ఇవాళ్టి ఐపీఎల్ కుర్రాళ్లకు ఈ కథ చెబితే నమ్మరు.

వేదిక మీద పాములు మెళ్లో వేసుకుని, తల నరికించుకునే నాటకాలాడే ఆలిస్ కూపర్, మందు మానేశాక గోల్ఫ్ పట్టాడు. పొద్దున్నే ఏడింటికల్లా మైదానంలో ఉంటాడు. ఫిల్ కాలిన్స్ చిన్నప్పుడు టీవీలో చూసిన అలమో కోట యుద్ధం కథను మరచిపోలేక, జీవితమంతా ఆ యుద్ధపు తుపాకులూ కాగితాలూ పోగుచేసి, 2014లో రెండు వందలకు పైగా వస్తువులను టెక్సస్ రాష్ట్రానికే ఇచ్చేశాడు. బాబ్ డిలన్ ఇనుప గనుల ఊళ్లో పెరిగాడు. పెద్దయ్యాక పాత పనిముట్లూ గొలుసులూ వెల్డింగ్ చేసి గేట్లు తయారుచేస్తున్నాడు. 2013లో లండన్‌లో ప్రదర్శన పెట్టాడు.

రోలింగ్ స్టోన్స్‌లో ముగ్గురి సంగతి చెప్పి ఆపుతాను. బిల్ వైమన్ పొలాల్లో లోహాలు పసిగట్టే యంత్రంతో తిరిగి పాత నాణేలు ఏరుతాడు, దాని మీద పుస్తకం రాశాడు. కీత్ రిచర్డ్స్ నిజజీవితంలో పుస్తకాల పురుగు. 1998లో ఇంటి లైబ్రరీలో పుస్తకం కోసం నిచ్చెనెక్కి కిందపడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. పర్యటన వాయిదా పడింది. రాక్ సంగీతంలో మాదక ద్రవ్యాలతో ఆగిన పర్యటనలు బోలెడు. పుస్తకాల బీరువాతో ఆగింది నాకు తెలిసి ఇదొక్కటే.

మూడోవాడు డ్రమ్మర్ చార్లీ వాట్స్. ఆయనకు కారు నడపడం రాదు. అయినా పాతకాలపు కార్లు కొన్నాడు, వాటి రంగుకు సరిపోయే సూట్లు కుట్టించుకుని లోపల కూర్చునేవాడు. అంతే, ఎక్కడికీ వెళ్లేది లేదు. 1967 నుంచి ఆయనకింకో అలవాటు. పర్యటనలో ఏ హోటల్లో దిగినా, పడుకునే ముందు ఆ గదిలోని మంచం బొమ్మ గీసేవాడు. దిండ్లు, దుప్పటి మడత, పక్కన దీపం. 2021లో ఆయన పోయేనాటికి ఆ పుస్తకాలు దొంతరలయ్యాయి. బయట స్టేడియంలో లక్షమంది ఇంకా కేకలేస్తున్న ఊళ్లలో ఆయన రాసుకున్న డైరీ అది: ఒకదాని తర్వాత ఒకటి, ఖాళీ మంచాలు.